పెద్ద మేస్త్రి భోజనం

ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి ఈమధ్య ఒకటే గుర్తు, మిక్సీ మోత. అంతకుముందైతే వెనక షెడ్డులోంచి చిత్రిక పట్టే చప్పుడు వినిపించేది. పెద్ద మేస్త్రి పెళ్ళాన్ని పలకరించే ముందు కర్రని పలకరించే రకం. ఇప్పుడు మాత్రం లేస్తూనే వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, తలుపు దగ్గరగా వేసుకుని చాలాసేపు అక్కడే ఉండిపోతున్నాడు.

"ఏమండీ, అయిందా? సూపు చల్లారిపోతోంది!" మిక్సీ ఆపి కేకేసింది ఇల్లాలు.

"వస్తున్నా. పళ్ళు తోముకుంటున్నా."

"ఇందాకే తోముకున్నారుగా?"

"మళ్ళీ తోముకుంటున్నా. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేదాని మొగుణ్ణి, ఆ మాత్రం మెరవకపోతే నీ పరువేం కాను?"

ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి రొట్టె తింటున్న కూతురు ఫక్కున నవ్వింది. ఇల్లాలికీ నవ్వొచ్చింది కానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బయటికొచ్చిన మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సూపు కప్పు అందుకుని, అందులోకి ఒకసారి చూసి, "షెడ్డులో తాగుతాలే" అని వెళ్ళిపోయాడు.

వడ్రంగంలో ఆయనకి మంచి పేరుంది. ఇల్లు కట్టుకున్నవాళ్ళు తలుపులకీ, పెళ్ళిచేసుకున్నవాళ్ళు మంచాలకీ ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. కూతురు చదువయ్యాక ఏ ఆఫీసులోనో కూర్చుంటుందనుకుంటే, రంపం పట్టుకుని తండ్రి పక్కన చేరింది. అప్పట్నించీ వీధిలో అందరికీ ఆయన పెద్ద మేస్త్రి, ఆ పిల్ల చిన్న మేస్త్రి. మధ్యలో ఇల్లాలికి మాత్రం ఏ బిరుదూ దక్కలేదు. ఇద్దరికీ వండిపెట్టి, పళ్ళ ఆసుపత్రిలో ముందు గదిలో కూర్చుని, దవడ వాచి వచ్చినవాళ్ళందరికీ "డాక్టరుగారు పిలుస్తారు, కూర్చోండి" అని చెప్పడం ఆవిడ పని.

పెద్ద మేస్త్రి తిండి మాత్రం ఆవిడకి బిరుదు లాంటిదే. పెళ్ళయిన కొత్తలో గరిటె పట్టుకుని, ఇక 'చాలు' అంటాడేమోనని ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన అనలేదు. గిన్నె అడుగు కనబడ్డాక ఆవిడే ఆగింది. ఆ తర్వాత ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట ఏనాడూ వినలేదు. తన చేతివంట మీద ఆయనకున్న ఇష్టానికి అదే గుర్తని మురిసిపోయింది. మురిపెం సంగతి ఎలా ఉన్నా, ఆయన ఒళ్ళు మాత్రం ఏటికేడూ పెరిగింది. మోకాళ్ళు మొరాయించాయి. నిచ్చెన రెండు మెట్లెక్కితే ఆయాసం. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, పక్కన ఆవిడకి కంటిమీద కునుకుండేది కాదు.

చివరికి కిందటేడు ఆపరేషను చేయించారు. కడుపు పైభాగం చుట్టూ చిన్న పట్టీ లాంటి బ్యాండు వేశారు. దానికి సన్నని గొట్టంతో కలిపిన బిళ్ళ ఒకటి పొట్ట మీద చర్మం కింద పెట్టారు. ఆ బిళ్ళలోకి సూదితో సెలైన్ నీళ్ళు ఎక్కిస్తే బ్యాండు బిగుస్తుంది, వెనక్కి లాగితే వదులవుతుంది. "ఎంత బిగింపు సరిపోతుందనేది మనిషికో తీరు. వచ్చిపోతూ చూసుకుంటూ సర్దాలి" అని ఆ ఆసుపత్రిలో బ్యాండు సంగతి చూసే నర్సమ్మ మొదటే చెప్పింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. బరువు తగ్గింది. బెల్టుకి ఆయనే మేకుతో కొత్త చిల్లులు పొడుచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. తర్వాత బరువు తగ్గడం ఆగింది. ఆగితే ఆగింది, కిందటి నెల కొంచెం పెరిగింది కూడా. బరువు తగ్గడం ఆగినప్పట్నించీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా, "సూది చూస్తే నువ్వే పడిపోతావు, ఇక్కడే కూర్చో" అని ఆవిణ్ణి బయట బెంచీ మీద వదిలేసి, తానొక్కడే లోపలికి వెళ్ళడం, బయటికొచ్చి "వదులుగా ఉందట, ఇంకొంచెం బిగించారు" అనడం.

తప్పు తన వంటలోనే ఉందనుకుంది ఇల్లాలు. వెన్న మానేసింది. నూనె మానేసింది. ముక్క తగిలితే ఆయనకి మింగుడు పడటం లేదని కోడిమాంసం, క్యారెట్టు, బఠాణీ అన్నీ కలిపి ఉడికించి, మిక్సీలో మెత్తగా తిప్పి కప్పులో పోసివ్వడం మొదలుపెట్టింది. అదేం రంగో ఆవిడకే తెలిసేది కాదు.

అలా ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు లేకుండా పోయారు. ఆ బల్ల పెళ్ళయిన ఏడాది ఆయన స్వయంగా చేసింది, నలుగురూ చేతులానించినా కిర్రుమనదు. ఇప్పుడు దాని మీద ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, పాత పేపర్లు. ఆయన కప్పు పట్టుకుని షెడ్డులోకి పోతాడు. కూతురు రొట్టెలో ఏదో చుట్టుకుని వెనకే పోతుంది. ఆయన ముందు కూర్చుని చేపముక్క నమలడానికి మనసొప్పక, ఇల్లాలు ఆయన వెళ్ళేదాకా ఆగి, పొయ్యి దగ్గరే నిలబడి గిన్నెలోంచి నాలుగు ముద్దలు తినేసేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ రోజు పళ్ళ డాక్టరుగారికి ఏదో పనిబడి ఆసుపత్రి మధ్యాహ్నమే మూసేశారు. ఇంటికొచ్చి, సూపు వేడిచేసి, ఫ్లాస్కులో పోసుకుని షెడ్డులోకి వెళ్ళింది ఇల్లాలు. ఆయన కర్ర తేవడానికి అడితికి వెళ్ళాడట. కూతురు ఒక కుర్చీకి కాళ్ళు అతికిస్తోంది. ఫ్లాస్కు ఎక్కడ పెట్టాలా అని చూస్తూ, ఆవిడ గోడవైపు చూసి ఆగిపోయింది.

ఎప్పుడూ చిందరవందరగా ఉండే అరల్లో తెల్లటి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. పొట్టి స్క్రూలు ఒకదాంట్లో, పొడుగువి ఇంకోదాంట్లో, బందులు వేరే, గొళ్ళేలు వేరే.

"ఎంత బాగా సర్దావే! నీకీ బుద్ధి ఎప్పుడొచ్చింది?"

"నేను కాదమ్మా, నాన్నే. ఈమధ్య డబ్బా మీద డబ్బా వస్తూనే ఉంది. స్క్రూలయిపోయాయి, ఇప్పుడు మేకులకొచ్చాడు."

"డబ్బాలెక్కడివి?"

"కొట్టాయన ఖాళీవి ఊరికే ఇస్తున్నాడట."

ఇల్లాలు ఒక డబ్బా అందుకుని తిప్పి చూసింది. స్ట్రాబెర్రీ ఐస్‌క్రీమ్. పక్కది వెనిలా. గొళ్ళేలున్నది చాక్లెట్. వంగి బెంచీ కిందికి చూసింది. పాత రంగు బకెట్లో ఐసుముక్కల మధ్య సగం ఖాళీ అయిన డబ్బా ఒకటి కూర్చుని ఉంది. అందులో జిగురు రాసే చెక్కపుల్ల నిలబెట్టి ఉంది.

సరిగ్గా అప్పుడే భుజం మీద చెక్క పలకతో లోపలికి వచ్చాడు పెద్ద మేస్త్రి. పెళ్ళాం చేతిలో డబ్బా చూసి, పలక దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది?"

"జిగురు."

"చాక్లెట్ జిగురా?"

కూతురు తల వంచేసుకుంది. నవ్వాలో పారిపోవాలో ఆ పిల్లకి తోచలేదు. కుర్చీ అతుకుని బిగించి పట్టే క్లాంపు పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళూ నేను చుక్క నూనె వెయ్యకుండా, తెల్లారేసరికి లేచి మిక్సీ తిప్పుతుంటే, మీరిక్కడ కూర్చుని ఇది లాగిస్తున్నారా? మీ బరువు తగ్గడంలేదని నేనెంత కుమిలిపోయానో తెలుసా? నా చేతివంటలోనే ఏదో లోపముందని నాలో నేనే చచ్చిపోయాను!"

"చేతివంటా?" పలక గోడకి గట్టిగా ఆనించాడాయన. "నువ్వు నాకు వంట చేసి ఎన్నాళ్ళయింది? పొద్దునా సాయంత్రం గోడకి కొట్టే సున్నం తాగిస్తున్నావు. దానికి ఉప్పుందో లేదో నీకు తెలుసా? ఒక్కసారైనా నువ్వు తాగి చూశావా?"

ఆవిడ ఫ్లాస్కు వంక చూసింది. నిజంగానే తాగి చూడలేదు. ఆ నిజం తగిలిన చోట చురుక్కుమని, దానికి జవాబుగా కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

ఆ నీళ్ళు చూశాక ఆయన గొంతు దిగిపోయింది. స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "ఏం చెయ్యమంటావే? ఏదీ దిగడంలేదు. రొట్టె ముక్క పెడితే ఇక్కడ," గుండెల మధ్య వేలు పెట్టి చూపించాడు, "ఇక్కడే నిలబడిపోతుంది. గుడ్డు అంతే. పొద్దున పూట మంచినీళ్ళు కూడా పోవు. కుళాయి అంతసేపు తిప్పుకునేది పళ్ళు తోముకోడానికనుకున్నావా? మింగిందల్లా బయటికొచ్చేస్తోంది. ఆ చప్పుడు మీకు వినపడకూడదని. ఇదొక్కటే చల్లగా కరిగి జారిపోతోంది. కడుపు నిండదు, కాసేపటికే మళ్ళీ ఆకలి. మళ్ళీ డబ్బా."

"ఈ మాట నర్సమ్మకి చెప్పారా?"

ఆయన నేలచూపులు చూశాడు. "అన్నీ శుభ్రంగా తింటున్నానని చెప్పా."

"ఎందుకండీ?"

"లేకపోతే బిగించనంటుంది. బరువు తగ్గనప్పుడు బిగించక ఏం చేస్తారు?"

అంతలో ఆయన చూపు కూతురి చేతుల మీద పడింది. ఇద్దరి మాటలూ వినలేక ఆ పిల్ల క్లాంపుని తిప్పుతూనే ఉంది. అతుకు రెండు వైపులనించీ జిగురు పొంగి, కుర్చీ కాలి మీదుగా బొట్లుబొట్లుగా కారుతోంది. పెద్ద మేస్త్రికి ఎక్కడలేని కోపం వచ్చింది. పెళ్ళాం మీద చూపించలేనిది, తన మీద చూపించుకోలేనిది అంతా ఆ కుర్చీ మీద పడింది.

"ఏయ్ చిన్న మేస్త్రీ! ఏం చేస్తున్నావ్? అంత బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది, ఇక అతుకులో ఏం మిగులుతుంది నీ తలకాయ? ఎవరైనా కూర్చుంటే కాలు ఊడి చేతికొస్తుంది! ఎన్నిసార్లు చెప్పాను, బిగించేకొద్దీ గట్టిపడదని? రెండు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకునేంత బిగించి వదిలెయ్. మిగతా పని జిగురు చూసుకుంటుంది!"

కూతురు పిడిని నెమ్మదిగా వెనక్కి తిప్పింది. తలెత్తి తండ్రి వంక చూసింది.

"నాన్నా, ఇప్పుడన్నది ఇంకోసారి అను."

ఆయన కారిన జిగురు వంక చూసి, "కర్రా కడుపూ ఒకటేనటే?" అని గొణిగాడు.

"ఒకటి కాదు," అంది ఇల్లాలు, కళ్ళు తుడుచుకుంటూ. "కర్రయితే మీరు పదిసార్లు పట్టి చూస్తారు. కర్రతో అబద్ధమాడరు."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పెద్ద మేస్త్రి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "నాకు భయమే. వదులు చేస్తే మళ్ళీ పాత మనిషినైపోతానేమోనని భయం. నిద్రలో నా ఊపిరి ఆగితే నువ్వు లేచి కూర్చుని నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదానివి. నేను నిద్రపోతున్నాననుకునేదానివి. నాకు తెలుసు. మళ్ళీ నిన్నలా కూర్చోబెట్టకూడదనుకున్నా. అందుకే బిగించమన్నా."

ఇల్లాలు ఆయన పక్కనే రంపపు పొట్టులో చతికిలబడింది. ఆ తర్వాత తనూ చెప్పేసింది. "నేనూ సరిగ్గా తినడంలేదండీ. మీరు సూపు తాగుతుంటే మీ ముందు తినలేక, పొయ్యి దగ్గర నిలబడే తినేస్తున్నా. ఏం తిన్నానో కూడా గుర్తుండదు."

"నువ్వు? నిలబడి?" ఆయన తలెత్తాడు. తన సంగతి చెప్పుకున్నప్పుడు రాని ఏడుపు, ఆ మాట విన్నాక వచ్చింది.

కూతురు ఫ్లాస్కు మూత తీసింది. ఒక గుటక తాగింది. మొహం అదోలా పెట్టింది.

"అమ్మా, నాన్న చెప్పింది నిజమే. ఇది సున్నమే."

ముగ్గురూ నవ్వారు. కళ్ళల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి.

మర్నాడు ఆసుపత్రిలో ఆవిడ బెంచీ మీద కూర్చోలేదు. ఆయనతోపాటే లోపలికి వెళ్ళింది. సూదిని చూసి పడిపోనూ లేదు. పెద్ద మేస్త్రి చేసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, డబ్బాల్లో స్క్రూల సంగతితో సహా. నర్సమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే ఇన్నాళ్ళూ మీ అబద్ధాలే సూదిలో నింపి ఎక్కించానన్నమాట."

"తప్పయిపోయిందమ్మా."

"బాగా బిగిస్తే బాగా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. మరీ బిగిస్తే గట్టి తిండి దిగదు. దిగనప్పుడు మనిషి ఏం చేస్తాడు? మెత్తగా, తియ్యగా జారిపోయేవాటి వెంట పడతాడు. అవి ఎంత తిన్నా ఆకలి తీరదు, బరువు మాత్రం పెరుగుతుంది. కుళాయి తిప్పుకుని కక్కుకుంటూ కూర్చుంటే బ్యాండు జరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. సరైన బిగింపంటే ఏమిటో చెప్పనా? గట్టి తిండి కొంచెమే, బాగా నమిలి తింటే, మళ్ళీ భోజనం వేళదాకా ఆకలి గుర్తుకు రాకూడదు. అది దొరికేదాకా కొంచెం తీస్తాం, కొంచెం వేస్తాం. మీరు నిజం చెప్పాలి, అంతే."

"అర్థమైందమ్మా. సరిగ్గా కూర్చునేదాకా పట్టి చూడాలి," అన్నాడు పెద్ద మేస్త్రి. అది ఆయనకి తెలిసిన భాషే.

నర్సమ్మ సూది గుచ్చి కొన్ని నీళ్ళు వెనక్కి లాగింది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చింది. పెద్ద మేస్త్రి గుక్క వేసి, కళ్ళు మూసుకుని, రావలసిన నొప్పి కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఇంకో గుక్క వేశాడు. కళ్ళు తెరిచి పెళ్ళాం వంక చూశాడు.

"దిగిందే!"

మంచినీళ్ళు దిగినందుకు మొగుడూ పెళ్ళాలు అంత సంబరపడటం నర్సమ్మకి కొత్తేమీ కాదు. అయినా ఆమె కూడా నవ్వింది.

"మరి మిక్సీ, అమ్మా?" అడిగింది ఇల్లాలు.

"ఈ రెండ్రోజులు పల్చగా, తర్వాత మెత్తగా. ఆ తర్వాత మిక్సీని అటకెక్కించండి. ఆయనకి పళ్ళున్నాయిగా?"

"ఉన్నాయమ్మా. రోజూ రెండేసి సార్లు తోముతారు."

ఒక్క రోజులో అంతా చక్కబడిందని చెబితే అబద్ధమే. బ్యాండు ఈసారి కాస్త ఎక్కువ వదులైంది. భోజనమైన కాసేపటికే పెద్ద మేస్త్రికి ఆకలి వేసేది, చేతులు వాటంతటవే ఏదో వెతుక్కునేవి. ఇదివరకైతే దాచేవాడు. ఇప్పుడు తిన్నగా వెళ్ళి, "గుడ్డు దిగుతోంది, రొట్టె దిగుతోంది, కానీ ఊరికే ఆకలేస్తోంది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నర్సమ్మ తీసినదాంట్లోంచి కొంచెమే తిరిగి ఎక్కించింది. ఈసారి అక్కడ కుదిరింది. వాష్‌బేసిన్ దగ్గర కుళాయి మామూలుగా మోగి, మామూలుగా ఆగిపోతోంది. తెల్లారితే మళ్ళీ చిత్రిక చప్పుడు. దీనివల్ల నష్టపోయింది చిన్న మేస్త్రి ఒక్కతే, మేకులకి డబ్బాలు రావడం ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఇల్లాలు భోజనాల బల్ల మీద బట్టలన్నీ ఎత్తి మంచం మీద పడేసింది. పెద్ద మేస్త్రి తడిగుడ్డతో బల్ల తుడిచి, అతుకులన్నీ ఒకసారి వేలితో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా కదల్లేదు. ఆవిడ చేప వేయించింది. బంగాళదుంపలు ఉడికించింది, చిక్కుడుకాయలు వేపింది. అన్నిట్లోనూ ఉప్పు చూసింది, రెండేసి సార్లు.

ముగ్గురూ కూర్చున్నారు. పెద్ద మేస్త్రి ముందు చిన్న పళ్ళెం. చేపముక్కని చిన్నచిన్నగా విడదీసి, ఒక్కోటీ నోట్లో పెట్టుకుని, నిదానంగా నములుతున్నాడు. ఎన్నడూ లేనిది, రుచి ఎక్కడుందో వెతుకుతున్నట్టు తింటున్నాడు.

"నాన్నా, నువ్వు ఒక ముక్క మింగేలోపు నేనో స్టూలు చేసెయ్యొచ్చు."

"చేస్తావు, కాళ్ళూడిపోయే స్టూలు."

ఇల్లాలు ఇవేవీ వినడంలేదు. పాత అలవాటు కొద్దీ ఎప్పుడు లేచిందో తెలీదు, గరిటె పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఉంది. ఆయన పళ్ళెంలో ఇంకా ఒక ముక్క ఉంది. ఇంకొకటి వెయ్యబోయి, ఏదో గుర్తొచ్చి ఆగింది. వెయ్యాలో వద్దో తెలియక ఆయన మొహంలోకి చూసింది, పెళ్ళయిన కొత్తలో చూసినట్టే.

పెద్ద మేస్త్రి పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

ఆవిడ గరిటె వెనక్కి తీసుకుంది. "ఏం, బాగాలేదా?" అప్రయత్నంగా వచ్చేసింది నోట్లోంచి.

"చాలా బాగుంది. కడుపు నిండింది," అన్నాడాయన. తన మాటకి తానే ఆశ్చర్యపోయినట్టు ఇంకోసారి అన్నాడు. "నిజంగానే నిండిందే."

కూతురు తినడం ఆపి ఇద్దర్నీ చూసింది. ఇల్లాలి కళ్ళల్లోంచి నీళ్ళు జారి గరిటె పట్టుకున్న చేతి మీద పడ్డాయి. ఇన్నేళ్ళూ ఆయన ఇంకా కావాలనడమే ప్రేమనుకుంది. ఈ ఒక్క మాట కోసం తానెన్నాళ్ళుగా నిలబడి ఉందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

పెద్ద మేస్త్రి ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకుని గిన్నెలో పెట్టేశాడు. పక్క కుర్చీ కాలితో జరిపాడు.

"ఇంక కూర్చో. ఎంతసేపలా నిలబడతావు?"

ఆవిడ కూర్చుంది. ముక్కు తుడుచుకుని, తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. చేప ఇంకా వేడిగానే ఉంది.